సీతాకోకచిలుకల చిట్టా

హైదరాబాదు నగరానికి ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట అని రెండు ఊళ్లున్నాయి. శ్రీనగరం నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మేడ్చల్ మీదుగా పోతుంది. నిజామాబాదుకు పోయే రైలుకూడా ఆ ఊళ్లో ఆగుతుంది. శామీర్‌పేట కరీంనగరం పోయే రాజీవ్ రహదారి మీద ఉంది. ఈ రెండు ఊళ్ల నడుమ నల్లరాతి గుండ్లు, ఎర్రమట్టి చెలకలు, తుమ్మకంపలు, చిన్న చిన్న కుంటలు కనిపిస్తాయి. శామీర్‌పేటలో నిజాముల కాలంనాటి పెద్ద చెరువు ఒకటున్నది. చెరువు కట్టన కట్టమైసమ్మ గుడి, ఆ దాపుననే జవహర్ జింకల పార్కు ఉన్నాయి.

జింకలను చూడడానికి దూరాలనుంచి జనం వస్తారు. చూడవలసిందే! కాని పార్కు కంచెకు వెలుపల, దారిపక్క పిచ్చిమొక్కల మధ్య, జింకలకన్న ఎన్నో రెట్లు ఎక్కువ రకాల జీవులు రంగురంగుల రెక్కలతో ఎగురుతుంటాయి. వాటికి టిక్కెట్టు లేదు, కంచె లేదు. అందుకే కాబోలు, ఎవరూ ఆగి చూడరు.

2025 సెప్టెంబరు 14, ఆదివారం. బతుకమ్మ పండుగకు ఇంకా వారం రోజులున్నది. ఆనాడు మా వీధి పిల్లలు అయిదుగురితో కలిసి నేను మేడ్చల్ వైపునుంచి శామీర్‌పేట చెరువుదాకా సీతాకోకచిలుకలను చూడడానికి బయలుదేరాను. కొంతదూరం ఆటోలో పోవడం, మంచిచోటు కనబడితే దిగి నడవడం, ఇదీ మా ఏర్పాటు. ఒక్కొక్కరి చేతిలో ఒక నోటుపుస్తకమూ, ఒక పెన్సిలూ ఉన్నాయి. వల లేదు, సీసా లేదు. పట్టుకోవడం మా పని కాదు. గుర్తుపట్టి రాసుకోవడమే మా పని.

"రాసుకుంటే ఏమొస్తది, సారూ?" అని ఆరో తరగతి పిల్లవాడు అడిగాడు.

"సాయంత్రం లోపల నీకే తెలుస్తుంది, పద" అన్నాను.

పిల్లలూ, సీతాకోకచిలుక అన్నమాట ఎంత అందంగా ఉన్నదో చూశారా? కోక అంటే చీర. సీతమ్మవారి చీరవలె రంగులీనే చిలుక! ఇంతమంచి పేరు పెట్టుకున్న మనం మరొక పని మట్టుకు చెయ్యలేదు. ఇన్ని రకాల చిలుకలకూ ఆ ఒక్క పేరుతోనే సరిపెట్టుకున్నాం. మన దేశంలో 1,300 పైచిలుకు జాతుల సీతాకోకచిలుకలున్నాయి. వాటిలో మామూలుగా కనబడేవాటికి కూడా మన పల్లెల్లో వేరువేరు పేర్లు వినబడవు. మొక్కల సంగతి అట్లా కాదు. కూరకూ, మందుకూ, పశువుల మేతకూ, పూజకూ పనికివస్తాయి గనుక పెద్దలు ప్రతి మొక్కకూ ఒక పేరు పెట్టారు.

ఆ మొక్కల పేర్లే మనకు దారి చూపిస్తాయి. ఎట్లాగంటారా? సీతాకోకచిలుక ఏ పువ్వుమీదనైనా వాలి తేనె తాగుతుంది. కాని గుడ్డు పెట్టవలసి వచ్చినప్పుడు మట్టుకు ఏ ఆకు పడితే ఆ ఆకు పనికిరాదు. దాని పిల్ల, అనగా గొంగళిపురుగు, కొన్ని మొక్కల ఆకులనే తింటుంది. అందుచేత తల్లి ఒక్కొక్క ఆకుమీద వాలి, కాళ్లతో దాని రుచి చూస్తుంది. అవును, సీతాకోకచిలుకకు కాళ్లలో కూడా రుచి తెలుస్తుంది! తన పిల్లకు పనికివచ్చే ఆకు అని తెలిసిన తరువాతనే గుడ్డు పెడుతుంది. కనక మొక్క తెలిస్తే సగం చిలుక తెలిసినట్టే.

మేడ్చల్ దాటిన తరువాత మొట్టమొదట మాకు కనబడింది తంగేడు. తంగేడు పువ్వు తెలంగాణ రాష్ట్ర పుష్పం. అది లేకుండా బతుకమ్మ పేర్చరు. ఆ పసుపుపచ్చని గుత్తుల చుట్టూ తెలుపూ లేతాకుపచ్చా కలిసిన రంగు చిలుకలు ఆగకుండా తిరుగుతున్నాయి. వాటిని ఇంగ్లీషులో మాటిల్డ్ ఎమిగ్రెంట్ అంటారు. ఎమిగ్రెంట్ అంటే వలసపోయేది. ఒక్కొక్క కాలంలో ఇవి గుంపులు గుంపులుగా ఒకే దిక్కుకు పోతాయి. మాతో వచ్చిన ఒక అమ్మాయి కదలకుండా కూర్చుని చూస్తూ ఉన్నది. ఒక చిలుక లేత తంగేడాకు మీద వాలి, తోక వంచి, రెప్పపాటులో లేచిపోయింది. ఆకుమీద బియ్యపుగింజకన్న సన్నని తెల్లని గుడ్డు ఒకటి నిలబడి ఉన్నది.

"పువ్వులు మనకు, ఆకులు దానికి!" అన్నది ఆ అమ్మాయి. అందరూ రాసుకున్నారు.

ఆ పక్కనే సీతాఫలం చెట్టుచుట్టూ ఒక చిలుక క్షణం నిలవకుండా ఎగురుతున్నది. నల్లని రెక్కలమీద ఆకుపచ్చని మచ్చలు, వెనక చిన్న తోకలు. అది టెయిల్డ్ జే. దాని పిల్లలు సీతాఫలం ఆకులను తింటాయి. రేగుచెట్టు దగ్గర తెల్లని రెక్కలమీద నల్లని చుక్కలున్న చిన్న చిలుక కనబడింది. అది కామన్ పియరో. దాని పిల్లలకు రేగాకే ఆహారం. ఇంటిపెరట్లో నిమ్మచెట్టో కరివేపచెట్టో ఉంటే మీరు ఎక్కడికీ పోనక్కరలేదు. లేతాకుల మీద పక్షిరెట్టవలె కనబడే చిన్న పురుగును వెతకండి. అది లైమ్ బటర్‌ఫ్లై పిల్ల. పెద్దదైన తరువాత అదే పురుగు ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. ముట్టుకుంటే తలవెనకనుంచి రెండు కొమ్ములు బయటకు పెట్టి ఘాటైన వాసన కొడుతుంది.

ఇక ఆనాటి ముఖ్యమైన కథ జిల్లేడు దగ్గర జరిగింది.

దారిపక్క జిల్లేటి పొదమీద నారింజరంగు చిలుకలు రెండు మెల్లగా, ఏ భయమూ లేనట్టు తిరుగుతున్నాయి. ముందురెక్కల చివరలు నలుపు. ఆ నలుపులో తెల్లని పట్టీ. ఇది ప్లెయిన్ టైగర్. టైగర్ అంటే పులి గదా! 1758 లోనే స్వీడన్ దేశపు శాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి శాస్త్రీయనామం పెట్టాడు. జిల్లేడుపాలలో విషముంటుందని మీకు తెలుసు. మేకలుకూడా దాని జోలికి పోవు. కాని ఈ చిలుక పిల్ల ఆ ఆకులనే హాయిగా తిని, అందులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. అది రెక్కలు వచ్చి ఎగిరిన తరువాత కూడా ఆ విషం పోదు. తెలియక తిన్న పిట్ట కక్కుకుంటుంది. మళ్లీ ఆ రంగు కనబడితే దాని దాపులకు పోదు. ఇప్పుడర్థమైందా, ఈ పులి అంత తాపీగా ఎందుకు ఎగురుతుందో?

మేము అట్లా చూస్తుండగా పొలంగట్టు మీద మరొకటి వాలింది. అదే నారింజరంగు, అదే నలుపు, అదే తెల్లని పట్టీ. పిల్లలందరూ ఒక్కసారిగా "ప్లెయిన్ టైగర్" అని రాయబోయారు.

"ఆగండి! వెనకరెక్క మీద నల్లచుక్కలు ఎన్నో లెక్కపెట్టండి" అన్నాను.

జిల్లేటిమీది చిలుకకు వెనకరెక్క నడుమ మూడు చుక్కలున్నాయి. మగదానికైతే నాలుగుంటాయి. గట్టుమీద వాలినదానికి పై అంచున ఒకేఒక్క చుక్క ఉన్నది! ఇది పులి కాదు. దీని పేరు డానాయిడ్ ఎగ్‌ఫ్లై. ఆడది మాత్రమే ఇట్లా ఉంటుంది. మగదానికి ఈ పోలికే ఉండదు. అది నల్లగా ఉండి, పరిచిన రెక్కలమీద ఊదారంగు మెరుపుతో ఆరు తెల్లని మచ్చలు కనబడతాయి. దీని ఒంట్లో విషంలేదు. మరి దీని పిల్ల ఏమి తింటుందో తెలుసా? మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర!

"అంటే పప్పుకూర తినేది పులివేషం కట్టిందన్నమాట!" అని ఒక పిల్లవాడు పకపక నవ్వాడు.

అంతకన్న బాగా నేనుకూడా చెప్పలేను. పిట్టలు దీన్ని చూసి పులి అనుకుని వదిలేస్తాయి. ఇట్లాంటి వేషాలను గురించి మొదట వివరించినవాడు ఇంగ్లండు దేశస్థుడు హెన్రీ వాల్టర్ బేట్స్. ఆయన 1848 నుంచి 1859 వరకు అమెజాన్ అడవుల్లో ఉండి, అక్కడి సీతాకోకచిలుకలను పరిశీలించి, 1862 లో ఈ సంగతి ప్రకటించాడు. ఇందులో ఒక చిక్కున్నది. వేషధారులు ఎక్కువై అసలు పులులు తక్కువైతే వేషం పారదు. పిట్టలు వేషధారులను రెండుమూడు తిని చూసి, "ఈ నారింజరంగు బాగానే ఉన్నదే!" అనుకుంటాయి. కనక జిల్లేడు పోతే పులి పోతుంది. పులి పోతే వేషానికీ విలువ పోతుంది. ఎవరూ నీళ్లుపోయని ఒక పిచ్చిమొక్క ఇన్ని ప్రాణాలను నిలబెడుతున్నది!

అక్కడినుంచి శామీర్‌పేట వైపు ఇంకొంత దూరం పోయాం. దారిలో ఒక పడావు భూమిని కొత్తగా చదును చేశారు. వరసగా హద్దురాళ్లు పాతి, వాటిమీద అంకెలు వేశారు. జిల్లేడు లేదు, తంగేడు లేదు, గడ్డిపరక కూడా లేదు. పిల్లలు అటూ ఇటూ చూశారు. ఎగిరేది ఒక్కటీ కనబడలేదు.

"ఇక్కడ ఏం రాయాలె, సారూ?"

"సున్న రాయండి. సున్నకూడా లెక్కే" అన్నాను.

ఆ పక్కన మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దమ్మ మా మాటలు విని నిలబడింది. "ఏం రాస్తున్రు, సారూ? పోయిన ఏడుదాక బతుకమ్మకు తంగేడు పువ్వు, గునుగు పువ్వు ఈడనే తెంపుకపోయేటోళ్లం" అన్నది.

"మరి సీతాకోకచిలుకలు ఏమేం ఉండె, పెద్దమ్మా?" అని ఆరో తరగతి పిల్లవాడు అడిగాడు.

పెద్దమ్మ నవ్వింది. "మస్తుగుండె బిడ్డా! ఏమేం ఉండెనో ఎవరికెరుక? ఎవరన్న రాసిపెట్టిన్రా?" అన్నది.

ఆ పిల్లవాడు మాట్లాడలేదు. హద్దురాయి పక్కన కూర్చుని తేదీ, వేళ, చోటు రాసి, సున్న చుట్టాడు. దానికింద పెద్దమ్మ చెప్పినది కూడా రాశాడు. పొద్దున అడిగిన ప్రశ్న మళ్లీ అడగలేదు.

పిల్లలూ, ఊళ్లు పెరగవద్దని ఎవరూ అనరు. మనుషులకు ఇళ్లు కావాలి, దారులు కావాలి. నగరంచుట్టూ 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వచ్చింది. అది మేడ్చల్‌నూ శామీర్‌పేటనూ తాకుతూ పోతుంది. 2016 లో మేడ్చల్ పేరుతో కొత్త జిల్లా కూడా ఏర్పడింది. కాని ఏమున్నదో తెలిస్తేనే గదా, ఏది పోతున్నదో తెలిసేది! అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో నగరం ఇసుకదిబ్బల మీద పెరుగుతూ పోయింది. ఆ దిబ్బలమీద జెర్సెస్ బ్లూ అనే చిన్న నీలిచిలుక ఉండేది. 1940 తరువాత రెండుమూడేళ్లకే అది కనబడకుండా పోయింది. ఇప్పుడు లోకంలో ఎక్కడా లేదు. అట్లాంటిది ఒకటుండేదని మనకు తెలిసిందంటే, ఎవరో దాన్ని చూసి, తేదీ వేసి, చోటు రాసిపెట్టబట్టే.

పదకొండు గంటలవేళకు చెరువు చేరాం. నీటి ఒడ్డున తడిమట్టి మీద తెల్లవీ పసుపువీ చిలుకలు పదిపన్నెండు ఒకచోట చేరి, సన్నని నాలుకలు చాచి మట్టిలో నీరు పీలుస్తున్నాయి. పువ్వులు విడిచి బురదకెందుకు వచ్చాయి? ఉప్పుకోసం! పూతేనెలో తీపి ఉంటుంది గాని ఉప్పు చాలదు. ఇట్లా వచ్చేవి ఎక్కువగా మగవి. అవి సంపాదించిన ఉప్పులో కొంత ఆడవాటికి చేరి, గుడ్లకు బలమిస్తుంది.

గట్టుమీద గడ్డిలో గ్రాస్ జువెల్ కనబడింది. మన దేశపు అతిచిన్న సీతాకోకచిలుకల్లో ఇది ఒకటి. రెక్కలు చాచినా రూపాయిబిళ్లను దాటదు. అక్కడే పీకాక్ ప్యాన్సీ వాలి ఉన్నది. నారింజరంగు రెక్కలమీద నెమలికన్నులవంటి మచ్చలు. ఇది వానకాలంలో ఒక చొక్కా, ఎండకాలంలో ఒక చొక్కా తొడుగుతుంది. వానకాలంలో పుట్టినదానికి రెక్క అడుగున కూడా కన్నులుంటాయి. ఎండకాలంలో పుట్టినదానికి అడుగున కన్నులుండవు. రెక్కలు మూసిందంటే అచ్చం ఎండుటాకే! కనక తేదీ వెయ్యకుండా దీని బొమ్మ గీస్తే, ఒకే చిలుకను రెండనుకునే ప్రమాదమున్నది.

ఒక అమ్మాయి దాని కాళ్లు లెక్కపెట్టి "నాలుగే ఉన్నయి!" అన్నది. పురుగు అన్నదానికి ఆరుకాళ్లుండాలి. ఈ కుటుంబపు చిలుకలకు కూడా ఆరు ఉంటాయి గాని, ముందరి రెండూ చిన్నవై ఎదకు ముడుచుకుని ఉంటాయి. పులికీ, వేషగత్తెకూ కూడా ఇంతే.

మా చిట్టాలో రాసిన పద్ధతి చెబుతాను. ఒక పేజీని గళ్లుగా గీసుకోవాలి. తేదీ, వేళ, చోటు, ఎండా మబ్బా, ఎన్ని కనబడినవి, ఏ మొక్కమీద, ఏం చేస్తున్నది అనేవి మొదటి గళ్లు. పేరు చిట్టచివరి గడి. పేరు తెలియకపోతే ఆ గడిలో ప్రశ్నార్థకం వేసి, బొమ్మ గీసి, రంగులు రాసుకోవాలి. రెక్కల పైభాగం, అడుగుభాగం రెండూ చూడాలి. తోక ఉన్నదా, అంచు నున్నగా ఉన్నదా, రంపపు పళ్లవలె ఉన్నదా చూడాలి. ఎగిరే తీరు గమనించాలి. ఫోనుతో ఫోటో తీస్తే మంచిదే, కాని ఫోటోలో మొక్కకూడా పడాలి. తరువాత పుస్తకంతోనో, తెలిసినవారితోనో సరిచూసుకుని పేరు నింపవచ్చు. ఊహించి రాసిన పేరుకన్న నిజాయితీగా వేసిన ప్రశ్నార్థకం మేలు.

ఈ పని గొప్పవాళ్లు కూడా ఇట్లాగే చేశారు. లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ అనే వైద్యుడు 1768 లో తమిళదేశపు తరంగంబాడికి వచ్చాడు. మొక్కలనూ పురుగులనూ సేకరించి యూరపుకు పంపాడు. ఫాబ్రిసియస్ అనే శాస్త్రవేత్త వాటిలో ఎన్నింటికో పేర్లు పెట్టాడు. ఆ కోనిగ్ 1785 లో మన కాకినాడ దగ్గరి జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. 1957 లో మన ప్రాంతపు సీతాకోకచిలుకల మీద పెద్ద పుస్తకం రాసిన వింటర్-బ్లైత్ ఒక బడిపంతులు. రాజకోటలో రాజకుమార్ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశాడు. బ్రిటనులో 1976 నుంచి మామూలు మనుషులు వేసవిలో వారంవారం ఒకే దారిన నడిచి, కనబడిన చిలుకలను లెక్కపెడుతున్నారు. ఆ లెక్కలవల్లనే అక్కడ ఏది తగ్గుతున్నదో, ఏది పెరుగుతున్నదో తేలింది. మన దేశంలో కూడా 2020 నుంచి సెప్టెంబరును సీతాకోకచిలుకల నెలగా జరుపుతున్నారు. ఆ ఏడే జాతీయ సీతాకోకచిలుకగా ఏది ఉండాలని అడిగితే దాదాపు 60 వేలమంది ఓట్లు వేశారు. ముందు నిలిచిన మూడింటిలో కామన్ జెజెబెల్ ఒకటి. మామిడిచెట్టు కొమ్మలకు పట్టే బదనికమీద దాని పిల్లలు పెరుగుతాయి. మీ ఊరి మామిడితోటలో కూడా అది ఉండవచ్చు.

ఆనాడు ఇంటికి వచ్చి లెక్క చూసుకుంటే, అయిదు పుస్తకాల్లో కలిపి పేరు తెలిసినవి ఇరవైరెండు, ప్రశ్నార్థకాలు తొమ్మిది, సున్న ఒకటి.

మీరూ ఒక దారి ఎంచుకోండి. అది ఇంటినుంచి బడికి పోయేదైనా సరే. వారానికి ఒకసారి, ఉదయం తొమ్మిదికీ పదకొండుకూ మధ్య, ఎండ ఉన్నప్పుడు, ఆ దారినే నడిచి రాసుకోండి. చలి వదిలి ఒళ్లు వేడెక్కితేగాని సీతాకోకచిలుక ఎగరలేదు. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. పొదల్లో చేతులు పెట్టవద్దు, పాములుంటాయి. చెరువులో దిగవద్దు. చిలుకను పట్టవద్దు, పట్టుకుంటే రెక్కలమీది రంగుపొడి రాలిపోతుంది. పెరట్లో ఒక మూల గంగవాయిలి మొలిస్తే అంతా పీకి వెయ్యకండి. కొంత పప్పుకు, కొంత పులివేషానికి!

ఏడాది తిరిగేసరికి మీ దారిలో ఎన్ని రకాల చిలుకలున్నవో మీ ఊళ్లో మీకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఇంకో ఇరవై ఏళ్లకు ఎవరైనా పిల్లవాడు వచ్చి, "ఇక్కడ ఏమేం ఉండె?" అని అడిగితే, మీ చిట్టా తీసి వాడి చేతిలో పెట్టవచ్చు.